బ్యాచ్‌మేట్ అంటే ఎవరు, ఆ మాట ఎక్కడిది? తరచుగా అడిగే ప్రశ్నలు

డిసెంబరు నుంచి సంక్రాంతి దాకా విశాఖలో పూర్వ విద్యార్థుల సమ్మేళనాల సీజన్. అమెరికా వాళ్ళు సెలవుల్లో వస్తారు, రుషికొండ వైపు రిసార్టులు నిండిపోతాయి, సిరిపురం నుంచి మద్దిలపాలెం దాకా ఫ్లెక్సీలు కడతారు. ఆహ్వానం రాయడానికి కూర్చున్న ప్రతివాళ్ళకీ అవే సందేహాలు: బ్యాచ్‌మేట్ అనాలా, సహాధ్యాయి అనాలా, అసలీ బ్యాచ్ అనే మాట ఏమిటి? ఆ సందేహాలకు జవాబులివి. కొన్ని పొడుగ్గా ఉంటాయి, ఎందుకంటే ఆ మాటల వెనక కథ అంత ఉంది.

బ్యాచ్‌మేట్ అంటే సరిగ్గా ఎవరు?

ఒకే విద్యాసంస్థలో, ఒకే సంవత్సరంలో, ఒకే చదువులో అడుగుపెట్టినవాళ్ళు. సెక్షన్ వేరైనా, బ్రాంచి వేరైనా ఫరవాలేదు. ఆంధ్ర యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీలో ఒకే ఏడాది చేరిన మెకానికల్ అబ్బాయీ సివిల్ అమ్మాయీ నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా మాట్లాడుకోకపోవచ్చు. అయినా బ్యాచ్‌మేట్లే. స్నేహం ఉండాలన్న షరతు ఈ మాటలో లేదు.

మరి క్లాస్‌మేట్‌కీ దీనికీ తేడా?

క్లాస్‌మేట్ ఒకే గదిలో కూర్చున్నవాడు. బ్యాచ్‌మేట్ ఒకే ఏడాది వాడు. బడిలో ఈ తేడా పెద్దగా పట్టదు కాబట్టి క్లాస్‌మేట్ మాటే ఎక్కువ వినిపిస్తుంది. కాలేజీకి వచ్చేసరికి వందలమంది ఉంటారు, అక్కడ బ్యాచ్ అవసరమవుతుంది. ఉద్యోగ శిక్షణలో అయితే బ్యాచ్ తప్ప వేరే మాటే లేదు.

బ్యాచ్ అనే మాట ఎక్కడి నుంచి వచ్చింది?

వంటింట్లోంచి. ఇంగ్లిషులో రొట్టె కాల్చడాన్ని బేక్ అంటారు కదా, దాని పాత రూపం బాకన్. బ్యాచ్ ఆ కుటుంబంలోదే. 15వ శతాబ్దపు ఇంగ్లిషులో బ్యాచ్ అంటే పొయ్యిలో ఒక దఫా కాల్చిన రొట్టెలు. తర్వాత్తర్వాత ఒకేసారి తయారైన ఏ సరుకుకైనా ఆ పేరు వచ్చింది, ఆపైన మనుషుల గుంపుకీ అంటుకుంది.

దీనికి మనకు అచ్చమైన తెలుగు మాట ఉంది: వాయ. కొందరు వాయి అంటారు. గారెలు వేసేటప్పుడు మూకుట్లో ఒకసారికి పట్టినన్ని ఒక వాయ. "మొదటి వాయ పిల్లలకి పెట్టేయ్, రెండో వాయ చుట్టాలకి" అని పండగ రోజు ఏ ఇంట్లోనైనా వినిపించే మాటే. కాబట్టి బ్యాచ్‌ని తెలుగు చెయ్యమని ఎవరైనా అడిగితే నిఘంటువులు తిరగెయ్యనక్కర్లేదు. బ్యాచ్‌మేట్లంటే ఒకే వాయలో దిగినవాళ్ళు. ఆహ్వానంలో రాయమని చెప్పను గానీ, అర్థం మాత్రం అదే.

పాత అర్థం ఇప్పటికీ పోలేదు. మాత్రల పట్టీ వెనక చూడండి, బ్యాచ్ నంబర్ ఉంటుంది. పరవాడ ఫార్మా సిటీలో పనిచేసేవాళ్ళకి బ్యాచ్ అంటే రియాక్టర్లో ఒకసారికి తయారైన మందు, మనుషులు కాదు. స్టీల్‌ప్లాంట్‌లో మాత్రం అదే సంగతిని హీట్ అంటారు, అంటే ఒకసారికి కరిగించి తీసిన ఉక్కు. వాళ్ళ అలవాటు కాలేజీలకు పాకి ఉంటే ఈపాటికి మనం హీట్‌మేట్లమని చెప్పుకునేవాళ్ళం.

మేట్ అంటే?

ఇదీ తిండి మాటే. 14వ శతాబ్దంలో ఉత్తర జర్మనీ ప్రాంతపు భాష నుంచి ఇంగ్లిషులోకి వచ్చింది. అక్కడ దాని పాత రూపం గెమాటె. గె అంటే కలిసి, మాట్ అంటే తిండి. కలిసి తినేవాడు మేట్. ఇంగ్లిషులో మీట్ అనే మాట ఇప్పుడు మాంసానికే మిగిలింది గానీ ఒకప్పుడు ఏ ఆహారానికైనా మీటే. మేట్‌కి అది చుట్టం.

ఇప్పుడు రెండూ కలిపి చదవండి. ఒకే వాయ రొట్టెలు, కలిసి తినేవాడు. ఈ రెండు ముక్కల్లోనూ చదువు అన్న ఊసే లేదు. బ్యాచ్‌మేట్ అనే మాటలో పుస్తకం, పలక, గురువు ఎవరూ లేరు, భోజనం తప్ప. హాస్టల్లో ఉండి చదివినవాళ్ళకి ఇది వింతగా అనిపించదనుకుంటాను. నాలుగేళ్ళ పాఠాల్లో ఏది గుర్తున్నా లేకపోయినా, మెస్‌లో ఏ రోజు ఏం పెట్టేవారో ముప్పై ఏళ్ళ తర్వాత కూడా చెబుతారు. అన్నట్టు మెస్ అన్న మాట కూడా పాత ఫ్రెంచిలో వడ్డించిన వంటకమే.

తిండినిబట్టి స్నేహితుణ్ణి పిలవడం ఇంగ్లిషు వాళ్ళ అలవాటేనా?

కాదు, యూరప్ అంతటా ఉంది. లాటిన్‌లో పానిస్ అంటే రొట్టె. రొట్టె పంచుకునేవాడు కంపానియన్, అలాంటివాళ్ళ గుంపు కంపెనీ. మన తాతలు కుంపిణీ అని పలికింది ఆ మాటనే. "సాయంత్రం కాస్త కంపెనీ ఇవ్వరా" అని పిలిచే ప్రతివాడూ తెలియకుండానే దాని అసలు అర్థంలో వాడుతున్నాడు.

ఇంకా ముచ్చటైన ఉదాహరణ ఒకటుంది. 4వ శతాబ్దంలో బైబిల్‌ని గోతిక్ అనే పాత జర్మానిక్ భాషలోకి అనువదించారు. యోహాను సువార్తలో తోమా తన తోటి శిష్యులతో మాట్లాడే చోట, గ్రీకు మూలంలో కలిసి నేర్చుకునేవాళ్ళు అన్న అర్థం ఉన్న మాట ఉంటే, గోతిక్‌లో గహ్లైబ అనే మాటను వాడారు. అంటే ఒకే రొట్టెవాళ్ళు. తోటి విద్యార్థిని రొట్టెతో పిలవడం అంత పాత సంగతి.

మన దగ్గరా ఈ దారి లేకపోలేదు. పెళ్ళిలో "మొదటి బంతి లేచింది, రెండో బంతి కూర్చోండి" అంటాం. బంతి సంస్కృత పంక్తికి తెలుగు రూపం, వరస అని అర్థం. పాతకాలపు బడిలో పిల్లలు దిద్దుకోవడానికి పంతులు పైన రాసిచ్చే వరసని ఒజ్జబంతి అన్నారు. ఒజ్జ అంటే ఉపాధ్యాయుడే, ఆ మాటే అరిగి ఇలా అయింది. విస్తళ్ళ వరసకీ అక్షరాల వరసకీ మనం ఒకే మాట వాడుకున్నాం.

చదరంగంలో చెక్‌మేట్, ఉపాధి హామీ పనుల్లో మేట్... ఇవీ అవేనా?

చెక్‌మేట్‌కి ఏ సంబంధమూ లేదు. అది పారసీక షా మాత్ నుంచి వచ్చింది, రాజు చిక్కిపోయాడని దాని భావం. ఉపాధి హామీ పనిలో కూలీల జట్టుకి ముందుండే మేట్ మాత్రం మన మేటే. ఓడల మీద కెప్టెన్ కింది అధికారినీ మేట్ అంటారు. సాటివాడన్న మాట ఇలా కాస్త పైవాడికి కూడా చెల్లింది.

బ్యాచ్‌మేట్ అసలైన ఇంగ్లిషు మాటేనా? ఇంగ్లండ్‌లో వాడతారా?

ముక్కలు రెండూ ఇంగ్లిషువే, కానీ జతకట్టి వాడుకలో నిలబెట్టింది ప్రధానంగా మనవైపు వాళ్ళు. ఇండియా, పాకిస్తాన్, బంగ్లాదేశ్, ఫిలిప్పీన్స్‌లలో ఇది రోజువారీ మాట. లండన్‌లో చెబితే అర్థం చేసుకుంటారు గానీ వాళ్ళు తాము ఒకే ఇయర్ అని సరిపెట్టుకుంటారు. అమెరికాలో అయితే క్లాస్ ఆఫ్ 1998 అన్న లెక్క, అది చదువు పూర్తయిన సంవత్సరం. అందుకే పిల్లల అమెరికా దరఖాస్తుల్లో ఈ మాట రాయకుండా ఉండటం మేలు. తప్పని కాదు, అవతలివాళ్ళు ఒక్క క్షణం ఆగిపోతారని.

మా బ్యాచ్ ఏ సంవత్సరం అని చెప్పాలి? చేరిందా, బయటికొచ్చిందా?

ఈ ఒక్క ప్రశ్న మీద వాట్సాప్ గ్రూపుల్లో జరిగినన్ని తగువులు మెనూ మీద కూడా జరగవు. అన్నిచోట్లా ఒకే పద్ధతి లేదు. టెన్త్‌కి పరీక్ష రాసిన సంవత్సరమే బ్యాచ్. మెడికల్ కాలేజీల్లో సాధారణంగా చేరిన సంవత్సరం చెబుతారు. చదువు ఎంత సాగినా ఆ నంబర్ మారదు. ఇంజనీరింగ్‌లో రెండు అలవాట్లూ ఉన్నాయి కాబట్టి 2006-10 బ్యాచ్ అని రెండు అంకెలూ వేసేస్తే గొడవ ఉండదు. ఐఏఎస్ వాళ్ళది ఇంకో లెక్క. 2014 సివిల్స్ పరీక్షలో నెగ్గినవాళ్ళది 2015 బ్యాచ్, ఎందుకంటే అక్కడ చూసేది సర్వీసులో చేరిన ఏడాది.

మధ్యలో ఒక ఏడాది పోయినవాళ్ళు ఎవరి బ్యాచ్?

రెండింటికీ. కాగితం మీద కింది బ్యాచ్, మనసులో పై బ్యాచ్. జ్వరం వల్లో హాజరు చాలకో డిటైన్ అయినవాళ్ళని సమ్మేళనానికి పిలవాలా అని అడిగేవాళ్ళున్నారు. పిలవండి, ఇందులో ఆలోచించేదేముంది? పాలిటెక్నిక్ చేసి ఈసెట్ రాసి తిన్నగా రెండో ఏడాదిలో చేరినవాళ్ళ సంగతీ అంతే. మొదటి సంవత్సరం ఫొటోలో లేరన్న మాటే గానీ మూడేళ్ళు మీ పక్కన కూర్చున్నారు.

ఒకే బ్యాచ్ అంటే ఒకే వయసు అనుకోవచ్చా?

అనుకోకూడదు. దీనికి మన ఊళ్ళోనే గొప్ప ఉదాహరణ ఉంది. సి.వి. రామన్ తండ్రి ఇక్కడి ఏవీఎన్ కాలేజీలో అధ్యాపకుడు. 1892లో ఆ కుటుంబం విశాఖపట్నం వచ్చింది. రామన్ సెయింట్ అలోషియస్ స్కూల్లో చదివి 11 ఏళ్ళకే మెట్రిక్యులేషన్ ముగించాడు. ఆ పరీక్ష రాసిన మిగతావాళ్ళు సహజంగానే ఆయనకన్నా చాలా పెద్దవాళ్ళు. వయసు కలిసినవాణ్ణి తెలుగులో ఈడువాడు అంటాం. ఈడువాడు వేరు, బ్యాచ్‌మేట్ వేరు. సాయంత్రం కాలేజీల్లో ఉద్యోగాలు చేసుకుంటూ చదివినవాళ్ళకీ, దూరవిద్యలో చేరినవాళ్ళకీ ఈ తేడా బాగా తెలుసు.

"ఆ బ్యాచ్‌తో తిరగకు" అంటారే, అందులో బ్యాచ్ ఏమిటి?

అక్కడ బ్యాచ్ అంటే ముఠా. తెలుగులో ఈ మాట ఇంగ్లిషుని దాటి వెళ్ళిపోయింది. తాగుబోతు బ్యాచ్, బీచ్ బ్యాచ్, ఓసీ బ్యాచ్ అని మనం కట్టుకున్న సమాసాలు ఏ ఇంగ్లిషు డిక్షనరీలోనూ దొరకవు. ద్వారకానగర్ కోచింగ్ సెంటర్లలో మార్నింగ్ బ్యాచ్, ఈవెనింగ్ బ్యాచ్ ఉంటాయి, వాటిల్లో వాళ్ళు ఒకరికొకరు బ్యాచ్‌మేట్ అనుకోవడం అరుదు.

ఇంజనీరింగ్‌లో ఇంకో చిక్కు. ల్యాబ్‌కి రోల్ నంబర్ల వరసన క్లాసుని విడగొడితే ఒక్కో ముక్కా ఒక బ్యాచ్. ఆఖరి ఏడాది ప్రాజెక్టుకి నలుగురైదుగురు కలిస్తే అదీ బ్యాచే. కాబట్టి "మేం ఒకే బ్యాచ్" అని ఎవరైనా అంటే, ఏడాదా, ల్యాబా, ప్రాజెక్టా అని అడిగి తెలుసుకోవాల్సిందే. ఈ మూడింటిలో ఎక్కువ కాలం సంబంధం నిలిచేది ల్యాబ్ బ్యాచ్‌వాళ్ళతోనని నా అభిప్రాయం. పక్క రోల్ నంబర్ వాడి రికార్డు చూసి రాసుకున్న రుణం అంత తేలిగ్గా తీరదు.

తెలుగులో దీనికి సరైన మాట ఏది?

మామూలు మాటల్లో తోటి విద్యార్థి. ఇది అన్నిటికన్నా సహజంగా ఉంటుంది. నాడు నుంచి నాటి, గూడు నుంచి గూటి వచ్చినట్టే తోడు నుంచి తోటి వచ్చింది. తోటికోడలు, తోటివాడు, తోడబుట్టినవాడు అన్నీ ఒక గూటివే. బడి పిల్లల గురించి రాసేటప్పుడు నేనైతే దీన్నే వాడతాను. సభల్లో, పుస్తకాల ముందుమాటల్లో సహాధ్యాయి ఎక్కువ. ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు "నాతో చదువుకున్నాడు" అంటే చాలు, నామవాచకమే అక్కర్లేదు. మన పెద్దవాళ్ళు చాలామంది అలాగే చెప్పేవారు.

సావాసగాడు అన్న మాట కూడా ఉంది, సహవాసం నుంచి పుట్టింది. కానీ దానికి చదువుతో పనిలేదు. పైగా "సావాసాలు చెడ్డవి" అని తల్లులు దాన్ని కొంచెం పాడుచేశారు.

సహాధ్యాయి అనే మాటను విడదీసి చెప్పగలరా?

సహ, అధ్యాయి. సవర్ణదీర్ఘ సంధి. సహ అంటే కలిసి. అధ్యాయి అంటే అధ్యయనం చేసేవాడు. దీని వెనక సంస్కృతంలో వెళ్ళడం అనే అర్థమున్న చిన్న ధాతువు ఉంది. దానికి ముందు అధి చేరితే చదవడం అన్న అర్థం వస్తుంది. అధ్యాయం, అధ్యయనం, అధ్యాపకుడు, ఉపాధ్యాయుడు అన్నీ అక్కడివే. అంటే ఇందాక చెప్పిన ఒజ్జకీ సహాధ్యాయికీ పుట్టిల్లు ఒకటే.

విశాఖవాళ్ళకి ఈ ధాతువు ఇంకోచోట రోజూ కనిపిస్తూనే ఉంటుంది. 1926లో మొదలైన ఆంధ్ర విశ్వకళా పరిషత్తు, అంటే ఆంధ్ర యూనివర్సిటీ, ముద్ర మీద "తేజస్వి నావధీతమస్తు" అని ఉంటుంది. తేజస్వి, నౌ, అధీతం, అస్తు. మనం చదివినది తేజస్సుతో ఉండుగాక అని భావం. అధీతంలో ఉన్నదీ అధ్యాయిలో ఉన్నదీ ఒకటే. డిగ్రీ పట్టా చేతికొచ్చాక కూడా చాలామంది దీన్ని విడదీసి చదివి ఉండరు, రెండో మాట నావ అని మొదలవుతుంది కాబట్టి ఓడరేవు ఊరికి తగ్గట్టు పెట్టారేమో అనుకునేవాళ్ళూ ఉన్నారు!

ఆ వాక్యం ఉపనిషత్తుల్లోని శాంతిమంత్రంలోది. మంత్రం "సహ నావవతు, సహ నౌ భునక్తు" అని మొదలవుతుంది. మన ఇద్దరినీ కలిపి కాపాడుగాక, కలిపి పోషించుగాక అని. భునక్తులోని ధాతువు భుజ్, భోజనం పుట్టింది కూడా అందులోంచే. ఇక్కడ "ఇద్దరు" అంటే గురుశిష్యులు, ఇద్దరు విద్యార్థులు కాదు. అయినా కలిసి తినడం, కలిసి చదవడం ఒకే ఊపిరిలో వచ్చేశాయి. రొట్టెతో మొదలుపెట్టిన ఇంగ్లిషు మాటా ఈ మంత్రమూ అంత దూరంలో ఏమీ లేవు.

సతీర్థ్యుడు అంటే ఎవరు? తీర్థయాత్రలో కలిసినవాడా?

చాలామంది అలాగే అనుకుంటారు. తీర్థం అంటే నదిలో దిగడానికి వీలైన రేవు. నీళ్ళలోకి దారి చూపేది రేవు, విద్యలోకి దారి చూపేవాడు గురువు. అందుకని సంస్కృతంలో తీర్థం అంటే గురువు అన్న అర్థం కూడా ఉంది. ఒకే గురువు దగ్గర ఉన్నవాళ్ళు సతీర్థ్యులు. పాణిని సూత్రాల్లోనే ఈ మాటకు చోటుంది. అమరసింహుడు తన నిఘంటువు అమరకోశం బ్రహ్మవర్గంలో "సతీర్థ్యాస్త్వేకగురవః" అని సూటిగా చెప్పేశాడు.

సహాధ్యాయి కలిసి చదివినవాడు, సతీర్థ్యుడు ఒకే గురువుకి శిష్యుడు. ఏడాదితో సంబంధం లేదు. సంగీతం, నాట్యం నేర్చుకునేవాళ్ళకి ఇది సరిగ్గా అతికే మాట. పదేళ్ళ తేడాతో ఒకే గురువు దగ్గర నేర్చుకున్న ఇద్దరు బ్యాచ్‌మేట్లు కారు, సతీర్థ్యులవుతారు. యూనివర్సిటీలో ఒకే గైడ్ దగ్గర పీహెచ్‌డీ చేసినవాళ్ళకీ వాడుకోవచ్చు.

పాత సహాధ్యాయి కదా అని సాయం అడగవచ్చా?

భాషకు సంబంధం లేని ప్రశ్నే, అయినా అడుగుతున్నారు. పురాణాల్లో దీనికి రెండు జవాబులున్నాయి. కృష్ణుడూ కుచేలుడూ సాందీపని దగ్గర కలిసి చదివినవాళ్ళు. కుచేలుడు ద్వారకకి వెళ్ళి నోరు తెరిచి ఏమీ అడగలేదు, అన్నీ వచ్చాయి. ద్రోణుడూ ద్రుపదుడూ కలిసి చదివినవాళ్ళే. ద్రోణుడు పాంచాలానికి వెళ్ళి పాత స్నేహం గుర్తుచేశాడు. రాజుకీ పేదకీ స్నేహమేమిటని ద్రుపదుడు తోసిపుచ్చాడు. ఆ కోపం అర్జునుడి చేత ద్రుపదుణ్ణి పట్టి తెప్పించి సగం రాజ్యం తీసుకునేదాకా చల్లారలేదు. ఇద్దరూ బ్యాచ్‌మేట్ దగ్గరికే వెళ్ళారు. సమ్మేళనంలో చిట్ ఫండ్ సంగతి, ప్లాట్ల సంగతి ఎత్తేవాళ్ళు ఏ కథలో ఉన్నారో వాళ్ళే చూసుకోవాలి.

సహపాఠి, సహ విద్యార్థి వాడవచ్చా?

సహపాఠి హిందీలో బాగా నడుస్తుంది. తెలుగులో తప్పు కాదు, అలవాటు తక్కువ. సహ విద్యార్థి పత్రికల్లో కనిపిస్తూ ఉంటుంది, అర్థమవుతుంది. "తోటి సహ విద్యార్థులు" అని మాత్రం రాయకండి, తోటి అన్నాక మళ్ళీ సహ ఎందుకు? అలాగే సహాధ్యాయిలో ధకు ఒత్తు ఉంటుంది. ఫ్లెక్సీలో సహాద్యాయి అని పడితే తెలుగు మాస్టారు వేదిక మీదే అడుగుతారు.

పూర్వ విద్యార్థి, అలుమ్ని ఒకటేనా?

ఒకటే. ఏ ఏడాదివాళ్ళయినా ఆ సంస్థలో చదివి ఉంటే చాలు. అలుమ్ని లాటిన్ బహువచనం, ఒక్కరైతే అలుమ్నస్. దాని వెనకున్న అలెరె అంటే పెంచి పోషించడం. పెంపుడు బిడ్డ అన్నమాట. ఆల్మా మేటర్ అంటే పోషించే తల్లి. మళ్ళీ తిండి దగ్గరికే వచ్చాం. "నేనొక అలుమ్నిని" అనడం విని చిరాకుపడే ఇంగ్లిషు మేష్టార్లున్నారు, తెలుగులో మాట్లాడేటప్పుడు అంత పట్టింపు అక్కర్లేదు.

కామ్రేడ్, ఫెలో కూడా విద్యార్థి మాటలేనా?

కామ్రేడ్ స్పానిష్ నుంచి వచ్చింది. కామరా అంటే గది, ఒక గదిలో ఉండేవాడు కామ్రేడ్. పోర్టులో, స్టీల్‌ప్లాంట్‌లో యూనియన్ సభల్లో వినిపించే ఆ బరువైన మాట మొదట్లో రూమ్మేటే. ఫెలో పాత నార్స్ భాషలోది, ఉమ్మడి వ్యాపారానికి తన వాటా డబ్బు పెట్టినవాడు. తెలుగులో "ఆ ఫెలో ఉన్నాడే" అని తిట్టుగా దిగజారింది గానీ పరిశోధక విద్యార్థికి నెలనెలా వచ్చే ఫెలోషిప్‌లో డబ్బు వాసన ఇంకా ఉంది.

నేవీ వాళ్ళు బ్యాచ్‌మేట్ అనరెందుకు?

తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం ఉన్న ఊరు కాబట్టి ఇది మనకు తరచూ ఎదురయ్యే ప్రశ్నే. సైనిక అకాడమీల్లో శిక్షణని కోర్సుల లెక్కన చెబుతారు, అందుకే అధికారులు కోర్స్‌మేట్ అంటారు. ఓడలో కలిసి పనిచేస్తే షిప్‌మేట్. తమాషా ఏమిటంటే, లాటిన్‌లో క్లాసిస్ అంటే ఆస్తినిబట్టి విడదీసిన పౌరుల వర్గమే కాదు, నౌకాదళం కూడా. క్లాస్ అన్న మాట మీద నేవీవాళ్ళకే ఎక్కువ హక్కుంది, వాళ్ళేమో దాన్ని బడిపిల్లలకి వదిలేశారు.

ఇంగ్లిషు మాట వాడటం తెలుగుకి అన్యాయం కాదా?

కాదు. విజయనగరంలో కలిసి చదివిన ఇద్దరు విద్యార్థుల్ని తలుచుకోండి: గురజాడ అప్పారావు, గిడుగు రామమూర్తి. జనం మాట్లాడే భాషలోనే రాయాలని 20వ శతాబ్దం మొదట్లో పోరాడినవాళ్ళలో వీళ్ళు ముఖ్యులు. వాళ్ళతో కలిసి నడిచిన పి.టి. శ్రీనివాస అయ్యంగారు మన ఏవీఎన్ కాలేజీ ప్రిన్సిపాల్. తెలుగు భాషా దినోత్సవం జరుపుకునే ఆగస్టు 29 గిడుగు పుట్టినరోజు. ఆ రోజున వేదికెక్కి బ్యాచ్‌మేట్ అనకూడదని ఉపన్యాసం ఇస్తే ఆయన ఒప్పుకునేవాడని నేననుకోను. తోటి విద్యార్థి, సహాధ్యాయి, బ్యాచ్‌మేట్ మూడూ ఉంచుకుందాం, ఎక్కడికి ఏది నప్పితే అది వేద్దాం.

ఎలా రాయాలి? బహువచనం, ఆడవాళ్ళ రూపం?

బ్యాచ్‌మేట్ అని కలిపి రాస్తే బాగుంటుంది. బహువచనం బ్యాచ్‌మేట్లు. మాటల్లో బ్యాచ్‌మేట్స్ అంటాం, రాసినా తప్పులేదు, బ్యాచ్‌మేట్స్‌లు అని మాత్రం వద్దు. ఆడ, మగ తేడా లేదు. సహాధ్యాయి కూడా ఇద్దరికీ చెల్లుతుంది, కావాలంటే సహాధ్యాయిని అనవచ్చు. సతీర్థ్యుడికి సతీర్థ్యురాలు.

బ్యాచ్‌మేట్లని ఏమని పిలవాలి?

దీనికి రూలేముంటుంది! ఏరా, ఒరేయ్, మావా, గురూ. ఆడపిల్లలు తమలో తాము ఏమే, ఒసే. మనవైపు "ఏట్రా" చాలు, అన్నీ అందులోనే ఉన్నాయి. ఒక ఏడాది పైవాళ్ళయితే అన్న, అక్క. మెడికల్ కాలేజీల్లో సీనియర్‌ని సార్, మేడమ్ అనడం ఉంది. పాతికేళ్ళ తర్వాత కలిసినప్పుడు ఒకరు కలెక్టరయి ఉంటే మొదటి ఐదు నిమిషాలు గారు, మీరు నడుస్తాయి. ఆ తర్వాత ఎవరో ఒకరు పాత ముద్దుపేరు అనేస్తారు.

ఆహ్వానంలో ఏం రాయమంటారు?

పైన పెద్ద అక్షరాల్లో "పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనం" అనండి. దాని కింద కాలేజీ పేరు, చేరిన సంవత్సరం, ముగించిన సంవత్సరం రెండూ వెయ్యండి. లోపల విషయంలో "మన సహాధ్యాయులందరూ" అని ఒకసారి, గురువుల సన్మానం దగ్గర మర్యాదగా "మా గురువులు" అని. వాట్సాప్‌లో పెట్టేదానికి "మన బ్యాచ్ కలుస్తోంది, అందరూ రండి" చాలు. భోజనం ఎన్ని గంటలకో రాయడం మర్చిపోవద్దు, గ్రూపులో మొదట అడిగేది అదే.